కాహుకు సరిపోయిన తుపాకి

తొమ్మిదేళ్లుగా కాల్మ్ డ్రెనన్ ఇంటికి ఫోను చేసేవాళ్లు ఇద్దరే. ఒకరు ఆసుపత్రి నర్సు, ఇంకొకరు నెల్సన్‌లో ఉండే చెల్లెలు. అందుకని ఆ ఏప్రిల్ మంగళవారం పొద్దున్న ఫోను మోగినప్పుడు, రక్తపరీక్ష సంగతే అయివుంటుందనుకుని తాపీగా వెళ్లి ఎత్తాడు.

"బాబాయ్, నేను కాహుని" అంది అవతలి గొంతు.

కాల్మ్ పక్కనే ఉన్న కట్టెల పెట్టె మీద కూలబడ్డాడు. ఆ పిలుపు విని తొమ్మిదేళ్లయింది. అప్పటికి ఆ పిల్లకు పదకొండేళ్లు. ఆ తర్వాత ఊళ్లో ఎక్కడైనా అతను ఎదురుపడితే తల్లి హుయియా కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డు అవతలికి తీసుకుపోయేది. తల్లి చెయ్యి అక్కర్లేని వయసు వచ్చాక కాహు తనంతట తనే అవతలికి పోవడం నేర్చుకుంది.

"చెప్పు తల్లీ" అన్నాడు.

"నాకు లైసెన్సు వచ్చింది. దుప్పుల వేటకి రైఫిల్ కొనుక్కోవాలి. ఏది కొనాలో నాకేం తెలీదు. తుపాకుల సంగతి ఈ తీరంలో నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదంటారు కదా. వచ్చి చూసిపెడతావా?"

"మీ అమ్మకి తెలుసా?"

"అమ్మే నిన్నడగమంది."

గురువారం వస్తానని చెప్పి ఫోను పెట్టేశాక కాల్మ్ చాలాసేపు ఆ పెట్టె మీదే కూర్చున్నాడు. అరవై ఆరేళ్ల మనిషి, ముక్కు కారుతుంటే చొక్కా చేత్తో తుడుచుకుంటూ పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఇక తనను క్షమించేవాళ్లు ఈ లోకంలో లేరని ఏనాడో మనసు రాయి చేసుకున్నవాడికి, ఒక ఫోను పిలుపుతో మళ్లీ ఆశ పుట్టింది. ఆశంత సిగ్గులేనిది ఇంకోటి లేదు.

కాల్మ్ కాహు తండ్రి రేవీని చంపాడు. ఈ మాట అటూ ఇటూ తిప్పకుండా చెప్పుకోవడమే మంచిది.

ఏప్రిల్ వచ్చిందంటే ఆ కొండల్లో మగదుప్పులకు వెర్రెక్కుతుంది. తెల్లారకముందే రంకెలు మొదలుపెడతాయి. వేటగాళ్లు కూడా ఆవు కొమ్మో ప్లాస్టిక్ గొట్టమో నోటికి ఆనించి రంకె వేస్తారు. తన ఆడవాటి కోసం ఇంకొకడు వచ్చాడనుకుని దుప్పి కయ్యానికి కాలు దువ్వుతూ తుపాకి ముందుకే వస్తుంది. ఇందులో ఉన్న ప్రమాదం అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. రంకెకు బదులు పలికేది దుప్పే కానక్కర్లేదు. అందుకని ఇద్దరు కలిసి వెళ్తే ముందు రోజే గీత గీసుకుంటారు. వాగుకు ఇవతల నువ్వు, అవతల నేను, మధ్యాహ్నం దాకా ఎవరూ వాగు దాటకూడదు. దీన్నెవరూ కాగితం మీద రాసుకోరు. అయినా ఆ లోయలో తాగి పెళ్లాన్ని కొట్టినవాణ్ణయినా భోజనానికి పిలుస్తారు గానీ గీత దాటినవాణ్ణి పిలవరు.

కాల్మ్, రేవీ ఇరవై ఏళ్లపాటు అలా గీతలు గీసుకుని వేటాడారు. ఆ ఏడాది గీత డంకన్ వాగు. ఉత్తరపు ఒడ్డు కాల్మ్‌ది, దక్షిణపు ఒడ్డు రేవీది. పొద్దున్న ఎనిమిదిన్నరకు కాల్మ్ ఒక రంకె విన్నాడు, తనూ వేశాడు. అరగంటసేపు రెండు రంకెలూ ఒకదాన్నొకటి పిలుచుకుంటూ దగ్గరకొచ్చాయి. ఫెర్న్ పొదల మధ్య గోధుమరంగు కదిలింది. కాల్మ్ కాల్చాడు.

రేవీ వాగు దాటి కాల్మ్ వైపుకు వచ్చాడని విచారణలో తేలింది. ఎదురుగా ఉన్నది ఏమిటో చూసుకోకుండా కాల్చడం కాల్మ్ నేరం. కానీ చనిపోయినవాడు గీత దాటాడు గనక జడ్జి కొంత మెత్తబడ్డాడు. జైలు లేదు. తుపాకి లైసెన్సు పోయింది, శిక్షగా మూడొందల గంటలు జీతం లేని ఊరిపని పడింది. ఆ ఊరిపని కింద వారానికి రెండు రోజులు శ్మశానంలో గడ్డి కోశాడు. రేవీ సమాధి చుట్టూ ఉన్న గడ్డి కూడా అందులో ఉంది. ఊరు కూడా జడ్జి మాటే అంది. "తప్పు ఇద్దరిదీ ఉందిలే. అంత తెలిసినవాడు, రేవీ ఎందుకు దాటాడో పాపం." ఈ మాటను దుకాణంలో, చర్చిలో, పాల డెయిరీలో హుయియా తొమ్మిదేళ్లు వింది.

గురువారం కాహు పాత పికప్ బండి వేసుకుని వచ్చింది. తండ్రి పోలికే, కాకపోతే పొట్టి. దాదాపు కాల్మ్ అంతే ఎత్తు. గమ్‌బూట్లకు ఇంకా డెయిరీ పేడ అంటుకుని ఉంది.

"ఎక్కు బాబాయ్. ఆ సీటు మీద బేకరీ పై ఉంది, దాని మీద కూర్చోకు. నీ కోసమే తెచ్చా."

"మాంసంతోనేనా?"

"జున్నుతో కూడా. పళ్లున్నాయా ఇంకా?"

"నీలాంటి దాన్ని కరవడానికి సరిపడా ఉన్నాయి."

ఆమె నవ్వింది. పిండిలో కూరి కాల్చిన ఆ వేడి వేడి పై పొట్లం ఒళ్లో పెట్టుకుని కాల్మ్ కిటికీలోంచి వాన చూశాడు. నవ్వుతూ మాట్లాడే మనిషి పక్కన కూర్చుని ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. ఆ సంతోషంలో ఆగకుండా తుపాకుల గురించి మొదలుపెట్టాడు.

"చూడు, దుకాణంలో మెర్వ్ టిపెట్ ఉంటాడు. మంచివాడే గానీ, ఉన్నవాటిల్లో పెద్దది అంటగట్టాలని చూస్తాడు. నువ్వు తలొంచకు. మన అడవిలో దుప్పి పదిహేను మీటర్లలో కనిపిస్తుంది, మహా అయితే నలభై. గొట్టం పొట్టిగా ఉండాలి, తీగలకి తట్టుకోకుండా. తూటా ఏ పల్లెటూరి కొట్లోనైనా దొరికేదై ఉండాలి. పేలినప్పుడు భుజం మీద పడే తన్ను తక్కువుండాలి. మొదటి రోజు భుజం వాచిందంటే రెండో రోజు పేల్చే ముందు కళ్లు మూసుకుంటావు. వేటగాడు కళ్లు మూసుకున్నాడంటే..."

అక్కడ ఆగిపోయాడు. బండి డంకన్ వాగు వంతెన దగ్గరికి వచ్చింది. వంతెన మీద ఒక్క బండికే దారి. అవతలినుంచి పాల ట్యాంకరు వస్తుంటే కాహు పక్కకు ఆపింది.

"నాన్న ఎందుకు దాటాడంటావ్ బాబాయ్?" అని అడిగింది. అద్దం తుడిచే పుల్లల వైపు చూస్తూ అడిగింది, అతనివైపు చూడలేదు.

కాల్మ్ నోట్లో పై ముక్క అలాగే ఉండిపోయింది.

రేవీ దాటలేదు. దాటింది కాల్మ్.

దక్షిణపు ఒడ్డు నుంచి వచ్చిన ఆ రంకె మామూలు రంకె కాదు. అంత బరువైన గొంతు కాల్మ్ జన్మలో వినలేదు. అంత పెద్ద దుప్పిని రేవీ పోగొట్టుకుంటాడేమోనని, తన వైపు ఒక్కటీ పలకడం లేదని, ఒక్క పది నిమిషాలేగా అని మోకాలి లోతు నీళ్లలో దిగి అవతలికి పోయాడు. తన ఒడ్డున తాను నిలబడి రంకె వేస్తున్నది రేవీయే. ఆ మధ్యే కొత్త కొమ్ము చెక్కుకున్నాడు. కాల్చాక, తను కాల్చినదేదో చూశాక, కాల్మ్ అతన్ని భుజాన వేసుకుని వాగు దాటించి, రేడియో ఉన్న గుడిసె వైపు పరిగెత్తాడు. గుడిసె ఉత్తరపు ఒడ్డున ఉంది. ఒడ్డెక్కేసరికి రేవీ ప్రాణం పోయింది. పోలీసులొచ్చి "ఎక్కడ జరిగింది?" అని అడిగారు. కాల్మ్ శవం ఉన్న చోటు చూపించి "ఇక్కడే" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట. ఆ రాత్రి కురిసిన వానకు వాగు పొంగి, అవతలి ఒడ్డున ఉన్న గుర్తులన్నీ కొట్టుకుపోయాయి. మర్నాడు చెబుదామనుకున్నాడు. విచారణలో చెబుదామనుకున్నాడు. ఊరి పనిలో గడ్డి కోస్తూ, కోసిన ప్రతిసారీ చెబుదామనుకున్నాడు. అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం ధైర్యం చాలు, దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఎంత ధైర్యం కావాలో కాల్మ్‌కు ఇంకా అంతు చిక్కలేదు.

"రంకె చెవిన పడితే మనిషి తన మాట తనే వినడు తల్లీ" అన్నాడు చివరికి.

"నాన్న కూడానా?"

"ఎవడైనా."

ట్యాంకరు వెళ్లిపోయింది. కాహు బండి ముందుకు పోనిచ్చింది.

హోకిటికా ఊళ్లో తుపాకుల దుకాణం మారలేదు. అదే నూనె వాసన, గోడమీద అదే దుమ్ముపట్టిన కొమ్ముల తల. ముప్ఫై ఏళ్లు కాల్మ్ ఈ దుకాణానికి, గొట్టాన్ని బిగించే తుపాకి కర్రలు చెక్కిచ్చాడు. వాల్‌నట్ దుంగ తెచ్చి, ఎండబెట్టి, కొనేవాడి చెయ్యి, మెడ, భుజం కొలిచి మరీ చెక్కేవాడు. దర్జీ కోటు కుట్టినట్టే అనేవాళ్లు. లైసెన్సు పోయిన రోజునుంచి దుకాణం గడప తొక్కలేదు.

"ఎవరయ్యా ఇది, కాల్మేనా? పోయావనుకున్నా" అన్నాడు మెర్వ్.

"పోయేముందు నీ సరుకు ఒకటైనా అమ్ముడుపోయేలా చేద్దామని వచ్చా."

మెర్వ్ కాహు వైపు చూశాడు, మళ్లీ కాల్మ్ వైపు చూశాడు. ఆ ఇద్దరూ కలిసి రావడం ఏమిటో అతనికి అంతుపట్టలేదు. కానీ దుకాణదారుడు కదా, అడగలేదు. గాజు బీరువా తాళం తీసి, అనుకున్నట్టే అన్నిటికన్నా పొడుగైనది తీశాడు.

"సెవెన్ ఎంఎం మాగ్నమ్. ఆరొందల మీటర్ల దూరాన ఉన్నదాన్ని కూడా పడగొడుతుంది."

"మన అడవిలో నలభై మీటర్ల అవతల నీ పెళ్లాం నిలబడి తిట్టినా నీకు కనిపించదు. ఆరొందలు ఏం చేసుకుంటుందిరా పిల్ల? పెట్టెయ్."

రెండోది తేలిక రకం, చేత్తో పట్టుకుంటే ఉన్నట్టే లేదు. కాహుకు నచ్చింది. "బాబాయ్, ఇది ఈక లాగుంది."

"అదే దాని రోగం. కొండెక్కేటప్పుడు మిగిల్చిన బరువంతా పేల్చేటప్పుడు తెచ్చి భుజం మీద వేస్తుంది."

మూడోది స్టెయిన్‌లెస్ స్టీలు, భుజానికి ఆనే మడమ నల్ల ప్లాస్టిక్, పైన గురి చూసే దుర్భిణి. వానకు తుప్పు పట్టదు, ఎక్కడైనా దొరికే త్రీ నాట్ ఎయిట్ తూటా, పొట్టి గొట్టం. కాల్మ్ అటూ ఇటూ తిప్పి చూశాడు. బోల్టు తెరిచి గొట్టం ఖాళీగా ఉందని వేలు పెట్టి మరీ చూసుకుని ఆమెకిచ్చాడు.

"కళ్లు మూసుకో. మూసుకుని భుజానికెత్తు. సర్దుకోకు, ఎలా వస్తే అలాగే ఉంచు. ఇప్పుడు తెరువు. దుర్భిణిలో ఏం కనిపిస్తోంది?"

"గుండ్రంగా సగమే కనిపిస్తోంది. మిగతా అంతా నలుపు. నెలవంకలా ఉంది."

"అంటే మడమ నీకు పొడుగు. మెడ చాపాల్సి వస్తోంది. మగాళ్ల కొలతకి చేస్తారు ఇవన్నీ. మెర్వ్, ఆ దుర్భిణి ఎన్ని రెట్లది?"

"పద్దెనిమిది. దుప్పి కంట్లో నలక కూడా కనబడుతుంది."

"అదే వద్దంటున్నా" అన్నాడు కాల్మ్. గొంతు కాస్త లేచింది. "ఎంత పెద్దది చేసి చూపిస్తే నీకు అంత తక్కువ కనిపిస్తుంది. అరచేతంత గోధుమరంగు కనిపిస్తుంది. అది ఎవరి ఒంటిమీదిదో..."

మెర్వ్ కౌంటరు మీద లేని దుమ్ము తుడిచాడు. కాహు రైఫిల్ దించి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"మరైతే అవి?" అంది, గోడవారగా ఉన్న పాత తుపాకుల వరస చూపిస్తూ. జవాబు కోసం ఆగకుండా వెళ్లి, చివరినుంచి రెండోదాన్ని చేతిలోకి తీసుకుంది. కర్రకు ఎవడో బుద్ధిలేనివాడు ముదురాకుపచ్చ పెయింటు దట్టంగా పులిమాడు. పైన చిన్న పాత దుర్భిణి, నాలుగు రెట్లది.

ఆమె కళ్లు మూసుకుని భుజానికెత్తింది. తెరిచింది.

"మొత్తం కనిపిస్తోంది బాబాయ్."

"కదలకు."

కాల్మ్ ఆమె చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. చెంప ఆనాల్సిన చోట ఆనింది. మెడ వంగలేదు. ముంజేయి ఎక్కడా బిగుసుకోలేదు. గొట్టం బరువు ఎడమ అరచేతిలో పడాల్సినంతే పడింది. నలభై ఏళ్ల పనితనం అతని ఒంట్లో ఒక్కసారిగా మేలుకుంది. కొలిచి చేయించుకున్నా ఇంతకన్నా కుదరదు. ఈ పిల్ల చలిలో కొండల్లో నడుస్తుంటే, ఈ తుపాకి ఆమెకు బరువవదు, అడ్డం రాదు, అబద్ధం చెప్పదు. పోయినవాణ్ణి ఎలాగూ తేలేడు, ఇదొక్కటి మాత్రం సరిగ్గా చేసిపెట్టగలిగాడు.

"ఇదే" అన్నాడు. "వెతకడం ఆపేయొచ్చు. నీ కోసమే పుట్టింది. ఏదీ, ఒకసారి ఇటివ్వు."

ఆమె ఇచ్చింది. కాల్మ్ కుడిచేత్తో పిడి దగ్గర పట్టుకున్నాడు.

ఇరవై ఏళ్ల వయసులో ఉలి జారి అతని కుడి బొటనవేలి కొస తెగిపోయింది. అందుకని తన సొంత తుపాకి చెక్కుకున్నప్పుడు, ఆ పొట్టివేలు కుదురుకునేలా పిడి పక్కన చిన్న పల్లం తవ్వుకున్నాడు. లోకంలో ఇంకెవడి చేతికీ పనికిరాని పల్లం. ఇప్పుడు ఆకుపచ్చ పెయింటు కింద అతని మొండివేలు వెళ్లి ఆ పల్లంలో కూర్చుంది. తనూ పొట్టివాడే గనక మడమను అంగుళం తక్కువ చేసుకున్నది కూడా తనే. కాహుకు కుదరక ఏం చేస్తుంది.

విచారణ అయ్యాక, రేవీని కాల్చిన ఈ తుపాకిని పోలీసులు తిరిగి ఇచ్చేస్తే, లైసెన్సు లేని తను ఇంట్లో పెట్టుకోకూడదు గనక నెల్సన్‌లో ఉన్న చెల్లెలి మొగుడు పట్టుకెళ్లి ఎవరికో అమ్మేశాడు. ఎవరికని కాల్మ్ అడగలేదు. సముద్రంలో పడిందనుకున్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"ఏం లేదు." తుపాకిని బల్ల మీద పెట్టాడు. చేతులు జేబుల్లో దోపుకున్నాడు. "వద్దు. ఇది వద్దు. గొట్టం అరిగిపోయింది."

"అరగడమేంటి? అద్దంలా ఉంది లోపల" అన్నాడు మెర్వ్. "నేనే చూశా."

"మొదట్లో, తూటా కూర్చునే చోట కాలిపోయింది. నువ్వు చూస్తే తెలీదు."

మెర్వ్ నోరు మూసుకున్నాడు. తుపాకుల విషయంలో కాల్మ్ మాటకు ఎదురు మాట్లాడిన దుకాణదారు ఆ తీరంలో లేడు. కాల్మ్ గొట్టంలోకి తొంగి అయినా చూడలేదన్న సంగతి మెర్వ్‌కు తట్టలేదు.

కాహుకు తట్టింది. ఆమె కాసేపు అతని జేబుల వైపే చూసింది.

"ఇది ఎవరిదయ్యుంటుంది?" అని మెల్లగా అడిగింది.

"ఎవరిదో. నాకేం తెలుసు."

"ఎప్పుడైనా చూశావా దీన్ని?"

"ఇలాంటివి వంద ఉంటాయి."

"కర్ర ఎవరో మంచి పనివాడు చెక్కినట్టుంది. నువ్వు చెక్కింది కాదా?"

ఇంత చక్కగా తలుపు తీసి పెట్టి లోపలికి రమ్మంటే, ఎంతటి పిరికివాడైనా గడప దాటాలి. కాల్మ్‌కు నోటిదాకా వచ్చింది. కానీ ఈ రోజు, ఈ ఒక్క రోజు, ఆ వేడి పై, ఆ నవ్వు, బాబాయ్ అన్న ఆ పిలుపు, ఇవన్నీ ఆ ఒక్క మాటతో పోతాయని అనిపించింది. పాపం, ఆ పిల్ల మాత్రం ఎందుకు బాధపడాలని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఇలాంటప్పుడు మనిషికి జాలి మా గొప్పగా పుట్టుకొస్తుంది.

"నాది కాదు" అన్నాడు. "ఆ స్టీలుది తీసుకో. మడమ కోయిద్దాం. బాగుంటుంది."

కాహు తల ఊపింది. తర్వాత మెర్వ్ వైపు తిరిగి, "ఇదే ఇవ్వండి, ఈ ఆకుపచ్చది" అంది.

"అరిగిపోయిందన్నాను కదా తల్లీ."

"విన్నాను."

ఆమె లైసెన్సు చూపించి, కాగితాల మీద సంతకాలు పెట్టి, తుపాకిని సంచిలో పెట్టించి తెచ్చి సీటు వెనక పెట్టేదాకా కాల్మ్ బండి పక్కన వానలో నిలబడే ఉన్నాడు. ఎక్కి కూర్చున్నాక ఆమె తాళం తిప్పలేదు.

"నాలుగు, ఒకటి, ఒకటి, ఏడు, సున్నా, ఆరు" అంది.

"ఏంటది?"

"దాని నంబరు. విచారణ కాగితాల్లో ఉంది. అమ్మకి తన ఫోను నంబరు గుర్తుండదు గానీ ఇది నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. తొమ్మిదేళ్ల నుంచి, నెట్‌లో ఎవరే పాత తుపాకి అమ్మకానికి పెట్టినా ఫోటోలు పెద్దవి చేసుకుని నంబర్లు చూస్తూనే ఉంది. పోయిన నెల మెర్వ్ దీని ఫోటో పెట్టాడు. నేనొచ్చి చూసుకుని వెళ్లా."

కాల్మ్ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అమ్మ ఏమందో తెలుసా? ఆయన్ని తీసుకెళ్లి దాని ముందు నిలబెట్టు, నోరు విప్పడు చూడు అంది. విప్పుతాడన్నాను నేను. చేత్తో పట్టుకోగానే ఇది ఆ తుపాకేనమ్మా అంటాడు, ఏడుస్తాడు, నేనూ ఏడుస్తాను, ఇంటికి తీసుకొస్తా, టీ పెట్టి ఉంచమన్నాను." ఆమె గొంతు వణకలేదు, అదే చూసి కాల్మ్‌కు భయం వేసింది. "మీ నాన్న జీవితంలో పక్కింటి కంచె దాటి నిమ్మకాయ కూడా కోయలేదు, వాగెందుకు దాటతాడే అంటుంది అమ్మ. నేను వినలేదు. కాల్మ్ బాబాయ్ అబద్ధం చెప్పడన్నా. తొమ్మిదేళ్లు నాన్న మీదే కోపం పెట్టుకున్నా. అంత తెలిసీ దాటి మమ్మల్ని దిక్కులేనివాళ్లని చేశాడని. ఆయన సమాధి దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్లలేదు."

"నీకు బాధ కలగకూడదని చెప్పలేదు తల్లీ. ఆ తుపాకి సంగతి..."

"వాగు సంగతి కూడా అందుకేనా?"

ఆమె తాళం తిప్పింది.

ఇరవై మైళ్లు వచ్చారు. వాన తగ్గింది. ఆవులు పాలు పితికే సమయానికి షెడ్ల వైపు నడుస్తున్నాయి. డంకన్ వాగు వంతెన దగ్గర ఎదురుగా ఏ బండీ లేకపోయినా కాహు పక్కకు ఆపింది, ఇంజను కట్టేసింది.

"నేనే దాటాను" అన్నాడు కాల్మ్. తొమ్మిదేళ్లు గొంతులో అడ్డంపడి ఉన్న మాట, బయటికొచ్చాక చూస్తే ఇంత చిన్నదా అనిపించింది. "మీ నాన్న తన ఒడ్డునే ఉన్నాడు. నేనే మోసుకొచ్చి ఇటు వేశాను."

"దుకాణంలో ఆ తుపాకి మీది కాదన్నప్పుడే అది నాకు తెలిసిపోయింది, డ్రెనన్ గారూ."

ఆ పేరు వినగానే అతను కిటికీ వైపు తిరిగాడు.

"పోలీసులకి చెబుతాను. ఊళ్లో అందరికీ చెబుతాను. మీ అమ్మ కాళ్లు పట్టుకుని..."

"చెప్పండి. చెప్పకపోయినా మీ ఇష్టం. ఇందాక ఆ తుపాకి పట్టుకుని ఉన్నప్పుడు చెప్పుంటే, నేను మీకు ఆ పాత కాహునే అయ్యుండేదాన్ని. ఇప్పుడు దొరికిపోయాక చెప్పారు."

కాల్మ్ ఒళ్లో ఇంకా పై చుట్టి తెచ్చిన కాగితం ఉంది. దాన్ని మడతలు పెట్టసాగాడు, మడిచిందే మళ్లీ మడిచాడు.

"ఆ తుపాకి ఏం చేస్తావు?"

"అమ్మకిస్తాను. పోలీసుల చేత ముక్కలు చేయించేస్తుంది."

"మరి నీ వేట?"

"నాకు వేటెందుకు? ఒక్కసారైనా అడవికి పోవాలనిపించలేదు. దాన్ని కొనాలంటే లైసెన్సు కావాలి గనక తీసుకున్నా."

ఆ మాట కాల్మ్‌కు అన్నిటికన్నా ఎక్కువ తగిలింది. కళ్లు మూసుకుని భుజానికెత్తు అన్నది, మడమ కొలిచింది, ఇదే నీ కోసం పుట్టిందన్నది, ఆ పొద్దంతా అతను చేసిన ఆ ఒక్క మంచిపని కూడా ఎవరికీ అక్కర్లేనిదే. తనకు తెలిసిన విద్య అంతా ఆమె ముందు విప్పి పెట్టాడు, ఆమె మాత్రం అతని నోరు ఎప్పుడు నిజం పలుకుతుందా అని చూస్తూ కూర్చుంది.

అప్పుడు దక్షిణపు ఒడ్డు మీదినుంచి, ఫెర్న్ పొదలకు పైన ఎక్కడో, ఒక రంకె వినిపించింది. లోతుగా మొదలై, సాగి, చివర రెండు దగ్గుల్లాంటి శబ్దాలతో ఆగింది. రేవీ ఒడ్డు అది. కాహు కిటికీ అద్దం దించింది. రెండోసారి వినిపించింది, ఈసారి కాస్త దగ్గరగా.

"అది దుప్పా, మనిషా?" అని అడిగింది.

పాత అలవాటు కొద్దీ కాల్మ్ తల ఒక పక్కకు వంచి విన్నాడు. ఒకప్పుడు రంకె వింటే దుప్పి వయసు, కొమ్ముల కొసలు ఎన్నో కూడా చెబుతాడని ఆ లోయంతా చెప్పుకునేవాళ్లు. మూడోసారి వచ్చేదాకా విన్నాడు.

"తెలీదమ్మా" అన్నాడు. "ఆ రోజూ తెలీలేదు."

కాహు అద్దం పైకెత్తింది. బండి స్టార్ట్ చేసి, అతన్ని అతని ఇంటి గేటు దగ్గర దింపడానికి వంతెన దాటించింది.